వేగమునకు వెల



నేడు నేను మనవి చేయదలచినది పెట్రోలు పొదుపును గూర్చి. ఈ వేళకు పురాణ ప్రసంగమునో శతకవ్యాఖ్యానమునో ఆశించిన పెద్దలకు ఈ విషయము వింతగ తోపవచ్చును. కాని నేడు మన గ్రామములలో ఇంటింటికిని ఇంతగా సంబంధించిన సంగతి వేఱొకటి అరుదు. వెనుకటి దినములలో ఉద్యోగము దొరికినవాడు కాపురమును పట్టణమునకు మార్చెడివాడు. ఇపుడట్లు కాదు. ఇల్లు ఊరిలోనే యుండును. పని 40, 50 కిలోమీటర్ల దూరమున నుండును. పిల్లవాడు ప్రొద్దుననే మోటారుసైకిలెక్కి పెద్దరహదారి పట్టిపోయి, చీకటిపడిన పిమ్మట తిరిగివచ్చును. వాని జీతములో నొక పాలు ఇల్లు చేరకమునుపే పెట్రోలుబంకులో చెల్లిపోవుచున్నది. వాడు ఇల్లు చేరువఱకు తల్లిదండ్రుల మనస్సు వీధివాకిటనే యుండును.

"బండి మంచిదైన మైలేజి వచ్చును, కానిదైన రాదు" అని లోకులందురు. ఈ మాటలో సగమే సత్యము. తక్కిన సగము నడుపువాని చేతిలో నున్నది. ఇది నా ఊహ కాదు; గడచిన నూఱేండ్ల చరిత్ర దీనిని పలుమాఱులు ఋజువు చేసినది. లేమి వచ్చినపుడెల్ల దేశములు ఈ పాఠమును నేర్చినవి; కలిమి రాగానే మఱచినవి. ఆ కథనే నేడు సంగ్రహముగ చెప్పుదును.

మొదట కారణమును తెలిసికొందము. ఎద్దుబండి గంటకు 4, 5 కిలోమీటర్లు నడచును. ఆ నడకలో గాలి యడ్డు ఎద్దులకు తెలియనే తెలియదు; వాటి బలమంతయు బరువునకును, ఇరుసు రాపిడికిని, బాటలోని గోతులకును చెల్లును. సైకిలు తొక్కువానికి గాలి యనగా నేమో తెలియును. ఎదురుగాలి వీచిన దినమున లేచి నిలిచి తొక్కినను బండి సాగదు. మోటారుబండికైతే గాలి వీచనక్కఱయే లేదు. దాని వేగమే దానికి ఎదురుగాలిని పుట్టించును. ఈ ఎదురుగాలి వేగముతో సమముగ పెరుగునది కాదు. వేగము రెండింతలైనచో గాలి యడ్డు నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు దానిని 80కి పెంచెననుకొందము. వేగము మూడవవంతు మాత్రమే పెరిగినది. గాలి యడ్డు ముప్పాతికకు మించి పెరిగినది. పెట్రోలంతయు గాలిని త్రోయుటకే చెల్లదు గనుక ఖర్చు సరిగా అదే నిష్పత్తిలో పెరుగదు. అయినను నిడుపైన రహదారిపై గాలియే పెద్ద దొంగ.

అట్లని నత్తనడకయు పొదుపు కాదు. ఇంజను తాను తిరుగుటకే కొంత ఇంధనమును తినును. క్రిందిగేరులలో ఈడ్చుకొనిపోయినచో ఆ తిండి కిలోమీటరుకు ఎక్కువగ పడును. కావున ప్రతి బండికిని మధ్యమమైన వేగమొకటి కలదు. సామాన్యముగ మోటారుసైకిళ్లకు అది 40, 60 కిలోమీటర్ల నడుమను, కార్లకు 60, 80 కిలోమీటర్ల నడుమను, పైగేరులో నుండును.

ఇక చరిత్ర. ఒకే బండి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క రీతిగ ఏల తినునన్న ప్రశ్న మొదట పందెములకు దారితీసినది. అమెరికాలో 1936వ సంవత్సరమున గిల్మోర్ అను నూనె వర్తకసంస్థ ఇట్టి పందెమును ప్రారంభించినది. ఎవరు ముందు చేరుదురన్నది కాదు పందెము. ఎవరు తక్కువ పెట్రోలుతో చేరుదురన్నది. యుద్ధకాలములో నిలిచిన ఈ పందెములు 1950లో మొబిల్ సంస్థ ఆధ్వర్యమున తిరిగి మొదలై 1968 వఱకు సాగినవి. అందు పాల్గొన్నవి అంగడిలో అమ్మెడి సామాన్యపు కార్లే. పందెగాండ్రు చూపిన మైలేజి ఆ కార్లనే కొనిన గృహస్థులకు రాకపోవుటచే వారు ఆశ్చర్యపడెడివారు. 1939లో ఇల్లినాయి రాష్ట్రములోని వుడ్ రివర్ అను చోట షెల్ సంస్థ పరిశోధనాలయములోని శాస్త్రజ్ఞులు తమలో తామొక పందెము వేసికొనిరి. ఒక గాలను పెట్రోలుతో అధికదూరము పోయినవాడు గెలుచును. గెలిచిన కారు సుమారు 50 మైళ్లు పోయినది. మన లెక్కలో లీటరునకు 21 కిలోమీటర్లు. ఆ దేశములో మూడు దశాబ్దములు గడచిన పిదప తయారైన క్రొత్తకార్లును సగటున ఇందులో మూడవవంతు కూడ ఇయ్యలేదనిన, నడుపువాని నేర్పు ఎంత పనిచేయునో గ్రహింపవచ్చును.

వినోదముగ నేర్చిన ఈ విద్య రెండవ ప్రపంచయుద్ధములో విధిగా మాఱినది. 1939 సెప్టెంబరులో బ్రిటనులో పెట్రోలునకు రేషను వచ్చినది. 1942లో జపానువారు మలయాను, తూర్పు ఇండియా దీవులను ఆక్రమింపగా, అమెరికాకు వచ్చెడి రబ్బరులో అధికభాగము ఆగిపోయినది. వేగము పెరిగినకొలది టైరు త్వరగా అరుగును. కావున ఆ ప్రభుత్వము 1942లో దేశమంతటను గంటకు 35 మైళ్లకు, అనగా 56 కిలోమీటర్లకు మించి పోరాదని శాసించినది. దానికి విజయవేగమని పేరుపెట్టిరి. యుద్ధము ముగిసిన 1945లోనే ఆ శాసనమును ఎత్తివేసిరి.

మన దేశములోను ఆ కాలమున పెట్రోలు కొఱత పుట్టి, బొగ్గుబస్సులు బయలుదేరినవి. మీలో వయోవృద్ధులు వాటిని గూర్చి తండ్రుల నోట వినియేయుందురు. బస్సు వెనుక ఎత్తయిన ఇనుపపీపా యుండెడిది. అందు కఱ్ఱబొగ్గును పోసి, గాలిని చాలీచాలక పంపి కాల్చినచో మండెడి వాయువొకటి పుట్టును. దానిని వడగట్టి ఇంజనుకు అందించెడివారు. బయలుదేరుటకు ముందు క్లీనరు చేతితో పంకాను త్రిప్పి నిప్పు రాజవేయవలెను. ఆ వాయువునకు పెట్రోలు బలము లేదు. ఎత్తుబాట వచ్చినపుడు ప్రయాణికులు దిగి నడచుటయు కలదని పెద్దలు చెప్పుదురు. అట్టి బస్సుకు చక్కని డ్రైవరెవడు? పల్లమున వచ్చిన ఊపును చెడగొట్టక తరువాతి ఎత్తునకు వాడుకొన్నవాడు. ఊపు కూడ ఇంధనమే యను సత్యమును బొగ్గుబస్సు బోధించినది. బ్రేకు నొక్కిన ప్రతిసారియు మనము పెట్రోలిచ్చి కొన్న ఊపును వేడిగా మార్చి గాలిలో కలుపుచున్నాము.

యుద్ధానంతరము చమురు చవుకయైనది. పాఠమును లోకము మఱచినది. రెండవ పరీక్ష 1973 అక్టోబరులో వచ్చినది. అరబ్బులకును ఇశ్రాయేలునకును యుద్ధము రాగా, అరబ్బు దేశములు అమెరికా మొదలగు దేశములకు చమురును నిలిపివేసినవి. పీపా 3 డాలర్లకు దొరకెడి చమురు 1974 జనవరి నాటికి 12 డాలర్లకు చేరువైనది. నెదర్లాండ్సు, పశ్చిమ జర్మనీ దేశములు ఆదివారములందు కార్లను నిషేధించినవి. మోటారుబాటలపై జనులు కాలినడకను, సైకిళ్లపైని తిరిగిరి. మన పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యులుగ నుండిన అటల్ బిహారీ వాజపేయిగారు 1973 నవంబరులో పెట్రోలు ధర పెంపునకు నిరసనగా ఎద్దుబండిపై సభకు వచ్చిరి.

1974 జనవరి 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఒక శాసనముపై సంతకము చేసెను. దాని ప్రకారము ఆ దేశపు రహదారులన్నిటిపైని గరిష్ఠవేగము 55 మైళ్లు, అనగా 88 కిలోమీటర్లు. మఱుసటి సంవత్సరము వచ్చిన వేఱొక శాసనము కార్ల తయారీదారులను కట్టడి చేసినది. 1985 నాటికి వారి కార్లు సగటున గాలనునకు 27.5 మైళ్లు, అనగా లీటరునకు 11.7 కిలోమీటర్లు ఇయ్యవలెనని విధించినది. మొదటి శాసనము నడుపువానికి, రెండవది యంత్రమునకు.

ఈ రెండింటి గతియు విచారింపదగినది. యంత్రములు మెరుగుపడినవి. మనుష్యులు మాత్రము వేగపరిమితిని మనస్ఫూర్తిగ అంగీకరింపలేదు. విశాలమైన పడమటి రాష్ట్రములలో దానిని దాటుటయే పరిపాటియైనది. పెట్రోలు ఆదా ఆశించినంత కలుగలేదు. కాని ఎవరును ప్రధానముగ ఎదురుచూడని ఫలమొకటి చేతికి వచ్చినది. 1973లో ఆ దేశపు రోడ్లపై సుమారు 54,000 మంది మరణించిరి. 1974లో సుమారు 45,000 మంది. పెట్రోలు లేక ప్రయాణములు తగ్గుట దీనికొక కారణమే. అయినను 1984లో అక్కడి జాతీయ పరిశోధనామండలి పరిశీలించి, వేగపరిమితి వలననే ఏటేట 2,000 నుండి 4,000 ప్రాణములు దక్కుచున్నవని అంచనా వేసినది. పెట్రోలు కొఱకు వేసిన కంచె ప్రాణములను కాచినది. పిమ్మట చమురు మరల చవుకయైనది. 1987లో ఊళ్లకు వెలుపలి పెద్దరహదారులపై 65 మైళ్లకు అనుమతి వచ్చినది. 1995లో జాతీయ పరిమితియే రద్దయినది.

ఇక మన సంగతి. భారతదేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. 1978లో ఏర్పడిన పెట్రోలియము పొదుపు పరిశోధనా సంఘము, మన కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగమునకంటె 45, 55ల నడుమ నడచినపుడు 40 శాతము వఱకు అధికదూరము పోగలవని చిరకాలముగ ప్రకటించుచు వచ్చినది. మన కన్నులయెదుటనే ఇంతకంటె మంచి పాఠశాల కలదు. అది ఆర్.టి.సి. డిపో. 1932లో నిజాము రైల్వే వారు 27 బస్సులతో ప్రారంభించిన రవాణాశాఖ ఆ సంస్థకు మూలము. 1958లో అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయైనది. ఆ డిపోలలో లీటరునకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చినాడన్న లెక్కను ఒక్కొక్క డ్రైవరు పేరిట వ్రాయుదురు. అవే బస్సులు, అవే బాటలు. లెక్క మాత్రము మనిషికొక రీతిగ నుండును. దినమునకు 400 కిలోమీటర్లు నడచు బస్సు లీటరునకు 5 కిలోమీటర్ల చొప్పున 80 లీటర్లు త్రాగును. అయిదున్నర చొప్పున 73 లీటర్లతో తృప్తిపడును. దినమునకు 7 లీటర్లు ఒక పాదము అదుపులో నున్నవన్నమాట.

ఇదే లెక్కను మన ఇంటికి వర్తింపజేయుదము. పిల్లవాడు రాకపోకలకు దినమునకు 90 కిలోమీటర్లు, నెలకు 25 దినములు ప్రయాణము చేయుననుకొందము. నెలకు 2,250 కిలోమీటర్లు. బండి లీటరునకు 45 కిలోమీటర్లిచ్చిన 50 లీటర్లు కావలెను; 55 ఇచ్చిన 41 లీటర్లు చాలును. ఏడాదికి 100 లీటర్లకు పైగా మిగులును. ధర మీకు తెలిసినదే.

ఈ మిగులుకు ఉపాయములు కొద్దియే. వారమునకొకసారి, టైరు చల్లగా నున్నపుడు, గాలి చూపవలెను. గాలి తగ్గిన టైరు బురదలో చక్రమువలె బండిని పట్టును. చైను వదులుగాను, ఎండిపోయియు ఉండరాదు. దూరము చూచి నడుపవలెను. ముందున్న లారీ మెల్లగించుట కనబడగనే చేయి వదలిన బ్రేకుతో పని తక్కువ. రైల్వేగేటు వద్ద ఇంజనును ఆపవలెను.

రెండు పనులు మాత్రము పొదుపు పేరిట చేయరాదు. గాలి తప్పించుకొనుటకు లారీ వెనుక అంటుకొని పోరాదు. ఆ లారీ హఠాత్తుగ ఆగినచో మిగిల్చిన పెట్రోలు ఎవరి కొఱకు? రెండవది, పల్లమున గేరు తప్పించి న్యూట్రలులో జాఱవిడువరాదు. పూర్వపు డ్రైవర్లకు ఈ అలవాటుండెడిది. నేటి ఇంజెక్షను ఇంజనులో, గేరులోనే యుంచి చేయి వదలినచో, పల్లమున పెట్రోలు తనంతట ఆగిపోవును. న్యూట్రలులోనైతే ఇంజను తిరుగుటకు పెట్రోలు పోవుచునే యుండును. పైగా బండిని పట్టునది బ్రేకు ఒక్కటియే.

వీటన్నిటికిని తలమానికము మితవేగము. 45 కిలోమీటర్ల దూరమును గంటకు 60 చొప్పున పోయినచో 45 నిమిషములు. 80 చొప్పున పోయినచో 34 నిమిషములు. వ్యత్యాసము 11 నిమిషములు. ఈ 11 నిమిషముల కొఱకే నెలనెల పెట్రోలును పోగొట్టుకొనుచున్నారు. ఈ 11 నిమిషముల కొఱకే కొందఱు తిరిగిరాకున్నారు.

పిల్లలు వేగముగ పోవుట పొగరుచేతనే కాదు, ఆలస్యముగ బయలుదేరుటచేత. అమెరికా ప్రభుత్వము శాసించియు నిలుపలేకపోయినది ఇంటి అలవాటు నిలుపగలదు. అన్నపుగిన్నె పావుగంట ముందు సిద్ధమగునట్లు చూచుట, రాత్రియే బండిలో పెట్రోలున్నదో లేదో అడుగుట, "మెల్లగ పో" అనుటకు బదులు "వేళకు బయలుదేరు" అనుట పెద్దల పని. రహదారిపై పొదుపు రహదారిపై మొదలుకాదు. ఇంటి గడపలో మొదలగును. ఆ గడప మన చేతిలోనిది.