చేతికీ కంటికీ నడుమ

ఆ మధ్య మా యింట ఒక చిన్న వ్యాజ్యము నడిచినది. వాది మా మనుమడు. ప్రతివాది క్రొత్తగా కొన్న టెలివిజను. పాత పెట్టె మీద ఏండ్ల తరబడి గెలుచుచు వచ్చిన పందెపు ఆటలో, ఈ విశాలమైన పలుచని తెర వచ్చిన నాటి నుండి వాడు వరుసగా ఓడిపోవుచున్నాడు. "నేను సరిగ్గా సమయానికే మీట నొక్కుతున్నాను తాతయ్యా, బొమ్మే ఆలస్యంగా కదులుతోంది" అని వాని మొర. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నదని మేము నవ్వి ఊరుకున్నాము. మద్దెల నిజముగానే ఓటుపోయి ఉండవచ్చునేమో అన్న ఊహ ఆనాడు మాకు కలుగలేదు.

ఇట్టి తీర్పునే పూర్వము ఒక గొప్ప శాస్త్రజ్ఞుడు కూడ ఇచ్చియున్నాడు. ఆ కథతోనే మన విషయము మొదలగును.

ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలకు 18వ శతాబ్ది చివర నెవిల్ మాస్కెలిన్ అధిపతి. డేవిడ్ కిన్నెబ్రూక్ అను యువకుడు ఆయనకు సహాయకుడు. నక్షత్రము దూరదర్శినిలోని సన్నని తీగను దాటు క్షణమును గుర్తించుట అతని పని. కన్ను నక్షత్రము మీద, చెవి గడియారపు టిక్కుమను చప్పుడు మీద నిలిపి, సెకనులో పదవ వంతు వరకు అంచనా కట్టవలెను. 1795 ఆగస్టులో అతని లెక్కలు మాస్కెలిన్ లెక్కలకంటె అర సెకను వెనుకబడినవి. మందలించినను, 1796 జనవరి నాటికి ఆ భేదము సెకనులో పది పాళ్లకు ఎనిమిది పాళ్లయినది. ఇది స్వల్పమనుకొనరాదు. అంత వ్యవధిలో భూమధ్యరేఖ వద్ద నేల సుమారు 370 మీటర్లు తిరిగిపోవును. ఆ లెక్కలే నావికులకు దారి చూపునవి. మాస్కెలిన్ అతనిని పనినుండి తొలగించినారు. ఇతర విషయములలో శ్రద్ధగల పనివాడే అనియు, అయిష్టముగానే విడువవలసి వచ్చినదనియు ఆయనయే వ్రాసికొన్నారు.

పాతికేండ్లు గడచినవి. 1820 ప్రాంతమున కోనిగ్స్‌బర్గ్ వేధశాలలో ఫ్రెడరిక్ బెసెల్ ఈ వృత్తాంతమును పట్టించుకొన్నారు. అంత శ్రద్ధ గలవాడు అంత పొరపాటు ఎట్లు చేయును? ఆయన తోడి శాస్త్రజ్ఞులతో కలిసి ఒకే నక్షత్రమును చూచి లెక్కలు పోల్చినారు. ఆరితేరిన పరిశీలకుల నడుమ కూడ దాదాపు ఒక సెకను వరకు భేదము కనబడినది. అది అజాగ్రత్త కాదు. చూచుటకు, వినుటకు, రెంటిని జతపరచుటకు ప్రతి మనిషికిని తనదైన వ్యవధి కలదు. ఆ వ్యవధిని కొలిచి లెక్కలో సవరించుకొనవలెనే గాని మనిషిని తప్పుపట్టరాదు. ఈ సవరణకు వ్యక్తిగత సమీకరణమని పేరు వచ్చినది. కాని ఈ సంగతి తేలునాటికి కిన్నెబ్రూక్ జీవించి లేడు.

1850లో అదే కోనిగ్స్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరములో స్పందన పరుగెత్తు వేగమును కొలిచినారు. సెకనుకు సుమారు 27 మీటర్లు! నరములలో వార్త క్షణమాత్రమున చేరును, దానిని కొలువ వీలుకాదని అంతవరకు పెద్దలు భావించియుండిరి. వెలుగు కనబడగానే మీట నొక్కుమన్నచో మన చేయి కదలుటకు సెకనులో ఐదవ వంతు ప్రాంతము పట్టును. ఇది శరీరము వసూలు చేయు పన్ను. ఎవరికిని మినహాయింపు లేదు.

మనిషి ఆలస్యము తేలినది. ఇక యంత్రపు ఆలస్యము సంగతి.

1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కనిపెట్టిన గాజుగొట్టములో ఎలక్ట్రానుల పుంజము తెరను తాకిన చోట వెలుగు పుట్టును. 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అట్టి గొట్టముగల కొలతపరికరము మీద ఒక టెన్నిసు ఆటను ఏర్పాటు చేసినారు. తెర వెడల్పు అయిదంగుళములు మాత్రమే. బంతి ఒక వెలుగు చుక్క. ప్రయోగశాల చూడవచ్చిన జనము దానికోసము బారులు తీరిరి. బొత్తాము నొక్కగానే చుక్క ఎగిరెడిది. నడుమ ఆగి ఆలోచించు అంగమేదియు ఆ యంత్రములో లేదు.

తరువాత ఇంటింటికి వచ్చిన పాత టెలివిజను పెట్టె స్వభావము కూడ అదియే. వచ్చిన సంకేతమును వచ్చినట్లే గీత వెంబడి గీతగా తెర మీద గీయుచు పోవును. బొమ్మను దాచుకొనదు, దిద్దదు. 1972లో పాంగ్ అను ఆట మొదలు మూడు దశాబ్దుల పాటు ఆటగాండ్రు ఈ చురుకుదనమునకు అలవాటుపడినారు. దాని విలువ మాత్రము వారికి తెలియలేదు; ఉన్నన్నాళ్లు గాలి విలువ తెలియనట్లే.

2000 తరువాత ద్రవస్ఫటికపు పలుచని తెరలు వచ్చినవి. బొమ్మ పెద్దది, నిండైనది. కాని ఈ తెర బొమ్మను వచ్చినది వచ్చినట్లు చూపదు. ముందు బొమ్మ మొత్తమును జ్ఞాపకములో నింపుకొనును. దానిని తన చుక్కల సంఖ్యకు సరిపడునట్లు సాగదీయును. మరకలు తుడుచును, రంగులు దిద్దును. కదలిక నునుపుగా కనబడుటకై రెండు బొమ్మల నడుమ తానే ఒక బొమ్మను కల్పించును. అట్లు కల్పించుటకు రెండవ బొమ్మ వచ్చువరకు మొదటిదానిని ఆపి ఉంచక తప్పదు గదా! ఒక్కొక్క అలంకారమునకు ఒక్కొక్క నిరీక్షణ. సెకనుకు 60 బొమ్మలు నడచు ఆటలో ఒక్కొక్క బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకనుల వ్యవధి. తెర 100 మిల్లీసెకనులు వెనుకబడినచో ఆటగాడు చూచుచున్నది ఆరు బొమ్మల క్రిందటి గతము.

రేడియో గల గృహస్థులకు ఈ సంగతి సులభముగ బోధపడును. ఒకే కార్యక్రమమును ఒక గదిలో రేడియోలోను, ప్రక్క గదిలో అంతర్జాలము ద్వారా సెల్‌ఫోనులోను పెట్టి చూడుడు. ఫోనులోని మాట కొన్ని సెకనులు వెనుకగా వినవచ్చును. కొంత కొంత నిలువచేసికొని వినిపించుటయే కారణము. విను వరకు ఇబ్బంది లేదు. సినిమా చూచువారికి కూడ బొమ్మయు ధ్వనియు కలిసి ఆలస్యమైనచో తెలియనే తెలియదు. చేయి జోక్యము చేసికొన్ననాడే చిక్కు.

ఈ మార్పునకు ఒక చక్కని సాక్ష్యము బాతుల వేట ఆట. 1984లో జపానులో నింటెండో సంస్థ వెలువరించిన ఆ ఆటలో తెర వైపు తుపాకి గురిపెట్టి మీట నొక్కవలెను. నొక్కిన మరుక్షణమే తెర నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చదరము మెరయును. తుపాకిలోని వెలుగుకన్ను ఆ మెరుపును పసిగట్టినచో బాతు పడినట్లు. ఆ తుపాకి పాత పెట్టె స్వభావమును నమ్ముకొని పుట్టినది. క్రొత్త తెర మీద ఎంత గురి చూచి పేల్చినను ఒక్క బాతును పడదు. తుపాకి చూచు వేళకు మెరుపు రాదు. మెరుపు వచ్చు వేళకు తుపాకి చూచుట మానియుండును. కిన్నెబ్రూక్ వలె ఆ తుపాకి కూడ తన తప్పు లేకయే పనికిరానిదైనది.

ఆటగాండ్రు ఈ ఆలస్యమును రెండు విధములుగ ఎదుర్కొన్నారు. కొందరు పాత పరికరమును విడువలేదు. 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ అను పోరాటపు ఆటకు ముఖాముఖి పోటీలు నడచు చోట్లకు నేటికిని బరువైన గాజుగొట్టపు టెలివిజనులను మోసికొనిపోవుచున్నారు. ఒకటి రెండు బొమ్మల వ్యవధిలో తేలిపోవు ఎత్తులు అందులో కలవు.

రెండవ పద్ధతి బెసెల్ పద్ధతి. 2008లో రాక్ బ్యాండ్ 2 అను సంగీతపు ఆటకు గిటారు రూపముగల ఒక పరికరమును చేసినారు. దానిలో చిన్న వెలుగుకన్ను, చిన్న మైక్రోఫోను అమర్చినారు. తెరముందు ఉంచినచో తెర ఎంత వెనుకబడినదో, ధ్వని ఎంత వెనుకబడినదో తానే కొలుచుకొనును. ఆ పిమ్మట తాళము తప్పినదా లేదా అని తీర్పు చెప్పునపుడు ఆ మేరకు సవరించుకొనును. ఆలస్యము పోలేదు, దాని నేరము మాత్రము ఆటగాని మీద పడుట మానినది.

తాళము ముందే తెలిసిన పాటకు ఈ సవరణ చాలును. ఎదుటివాడు ఏమి చేయునో తెలియని పోరులో చాలదు. అక్కడ ఆలస్యమునే తగ్గింపవలెను. కనుకనే టెలివిజనులు చేయువారు ఆటల కొరకు ప్రత్యేకముగ ఒక ఎంపిక నేర్పరచినారు; దానినే గేమ్ మోడ్ అందురు. అది తెరకు క్రొత్త శక్తి నీయదు. అలంకారములను మానుమని చెప్పును, అంతియే. 2017లో వెలువడిన హెచ్‌డీఎమ్ఐ 2.1 ప్రమాణములో, ఆటపెట్టెయే కేబులు ద్వారా తెరకు ఈ సంగతి తెలుపు ఏర్పాటు చేరినది.

మరియొక జాగ్రత్త. ప్రకటనలలో మిల్లీసెకనులలో వేయు అంకె తరచుగా తెర మీది చుక్క రంగు మారుటకు పట్టు కాలము మాత్రమే. మీట నొక్కినది మొదలు బొమ్మ కదలువరకు పట్టు కాలము వేరు. కొనువారు విచారింపవలసినది ఈ రెండవదానిని.

మా యింటి వ్యాజ్యము ఎట్లు తీరినదని పాఠకులు అడుగవచ్చును. సెల్‌ఫోను కెమేరాలో నెమ్మదిగ చూపు పద్ధతి కలదు. సెకనుకు 240 బొమ్మలు తీయును. మనుమని బొటనవ్రేలును తెరను ఒకే దృశ్యములో పట్టి, వ్రేలు దిగిన క్షణమునుండి బొమ్మ కదలువరకు ఒక్కొక్కటిగ లెక్కించినాము. ఆటల ఎంపికను పెట్టి, కదలికను నునుపుచేయు సదుపాయమును తీసివేసి, ఆటపెట్టెను నేరుగా టెలివిజనుకు తగిలించి మరల లెక్కించినాము. అంతరము బాగుగ తగ్గినది. వాడు నాలుగు ఆటలలో రెండు గెలిచినాడు. ఓడిన రెండింటికి తెరను నిందింపలేదు.

మద్దెల తప్పు మద్దెలకు, ఆటగాని తప్పు ఆటగానికి చెందవలెను. ఏది ఎవరిదో కొలిచి చూచు వరకు తీర్పు చెప్పరాదు. ఆ సాయంకాలము నవ్వినందుకు మేము మనుమనికి క్షమార్పణ చెప్పుకొన్నాము. కిన్నెబ్రూక్‌కు ఆ మాట చెప్పినవారు లేరు.