నాడి తెగిన తరువాత నడక: శ్రవణనాడి కణితి శస్త్రచికిత్స, సమతౌల్య సాధన చరిత్ర

శ్రవణనాడి కణితిని తొలగించే శస్త్రచికిత్స చరిత్రను వైద్యగ్రంథాలు సాధారణంగా శస్త్రవైద్యుల చరిత్రగానే చెబుతాయి. ఎవరు ముందుగా పుర్రె తెరిచారు, ఎవరి చేతిలో మరణాలు తగ్గాయి, ముఖాన్ని కదిలించే నాడిని ఎవరు కాపాడగలిగారు అన్న వరుసలోనే ఆ కథనం సాగుతుంది. ఆపరేషన్ అయిన మనిషి తూలకుండా నడవడం మళ్లీ ఎలా నేర్చుకున్నాడన్న విషయానికి అందులో ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. ఈ రెండో చరిత్ర చాలా ఆలస్యంగా మొదలైంది, ఎందుకంటే రోగులు బతికి బయటపడడం మామూలయ్యాకే వారి నడక గురించి ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది. పైగా ఆ పని ఆసుపత్రిలో మొదలైనా అక్కడ ముగిసేది కాదు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లలో, ఇంటి వాకిట్లో, సాగర్ రోడ్డు అంచున, చెరువుకట్ట మీద పూర్తి కావలసినది.

అకౌస్టిక్ న్యూరోమా అని వాడుకలో ఉన్న ఈ కణితి ఎనిమిదో కపాలనాడిలో సమతౌల్యానికి సంబంధించిన శాఖను చుట్టి ఉండే ష్వాన్ కణాల నుంచి పుడుతుంది. ఇది క్యాన్సర్ కాదు, పెరుగుదల కూడా నెమ్మదే. ఒక చెవిలో వినికిడి తగ్గడం, హోరు, అప్పుడప్పుడు తూలు మొదట కనిపించే లక్షణాలు కాగా, బాగా పెరిగితే చిన్నమెదడును, మెదడుకాండాన్ని నొక్కి ప్రాణం మీదికి తెస్తుంది. కణితిని తీసేటప్పుడు అది పుట్టిన సమతౌల్య నాడి దాదాపు ఎప్పుడూ తెగిపోతుంది, తెగిన నాడి మళ్లీ అతుక్కోదు. తల కదలకుండా ఉన్నప్పుడు సైతం రెండు చెవుల నుంచీ మెదడుకు సంకేతాలు నిరంతరం సమానంగా అందుతుంటాయి, తల తిరిగినప్పుడు ఒకవైపు హెచ్చి మరోవైపు తగ్గుతాయి, ఆ తేడానే మెదడు కదలికగా లెక్కగడుతుంది. ఒక వైపు సంకేతం పూర్తిగా ఆగిపోయినప్పుడు మంచంలో కదలక పడుకున్న మనిషి కూడా గిర్రున తిరుగుతున్నట్టే మెదడుకు తోస్తుంది. కనుగుడ్లు తమంతట తామే ఒక పక్కకు జారి వెనక్కి ఎగురుతుంటాయి, లేచి నిలబడితే ఒళ్లు ఆపరేషన్ అయిన వైపుకు ఒరుగుతుంది.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఎడ్వర్డ్ సాండిఫోర్ట్ 1777లో ఒక శవపరీక్షలో ఈ కణితిని వర్ణించిన తరువాత శతాబ్దానికి పైగా అది శవాలలో మాత్రమే కనిపించే వస్తువుగా ఉండిపోయింది. పుర్రె తెరవడానికి మత్తు కావాలి; ఆ విషయంలో హైదరాబాదుకు ఒక విశేషమైన పాత్ర ఉంది. మత్తుమందుగా వాడే క్లోరోఫారమ్ గుండెను ఆపుతుందా, శ్వాసను ఆపుతుందా అన్న వివాదాన్ని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో 1888, 1889లలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. శ్వాసనే గమనించాలన్న వాటి నిర్ణయం తరువాతి పరిశోధనల ముందు నిలవలేదు గాని, ఆ ప్రశ్నను ప్రయోగాలతో తేల్చబూనిన ఘనత మాత్రం ఈ నగరానికి మిగిలింది. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతినగా, దాని వారసత్వం ఉస్మానియా ఆసుపత్రికి దక్కింది.

లండన్‌లో చార్లెస్ బ్యాలెన్స్ 1894లో, ఎడిన్‌బరోలో థామస్ అనాండేల్ 1895లో ఈ రకం కణితులను తీసి రోగులను బతికించినా, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో ఏడెనిమిది మంది చనిపోయేవారు. అమెరికాలో హార్వే కుషింగ్ కణితి పైపొరను వదిలి లోపలి భాగాన్ని మాత్రం తొలచి తీయడం ద్వారా మరణాలను బాగా తగ్గించి, 1917లో ఆ అనుభవాన్ని గ్రంథంగా వెలువరించాడు. వాల్టర్ డాండీ 1920లలో కణితిని పూర్తిగా తీసే పద్ధతి చూపాడు. 1960ల ఆరంభంలో విలియం హౌస్ సూక్ష్మదర్శినిని, దంతవైద్యుల డ్రిల్‌ను చేతబట్టి చెవి ఎముక గుండా దారి చేశాక ముఖనాడిని కాపాడడం సాధ్యమైంది. ఇంతటితో శస్త్రవైద్యుల కథ దాదాపు ముగుస్తుంది.

నడక కథ మొదలయ్యేది రెండో ప్రపంచయుద్ధ కాలపు లండన్‌లో. చెవి వైద్యుడు టెరెన్స్ కాథార్న్, శారీరక వైద్యంలో నిపుణుడు ఎఫ్.ఎస్. కుక్సీ తలకు గాయాలైన వారిని, లోపలి చెవికి ఆపరేషన్ జరిగినవారిని చూస్తూ ఒక సంగతి గమనించారు: తల తిరుగుతుందన్న భయంతో కదలకుండా పడుకున్నవారి కంటే, ఇబ్బంది పడుతూనే లేచి తిరిగినవారు త్వరగా కోలుకుంటున్నారు. విశ్రాంతే వైద్యమన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో ఇది ఎదురు మాట. 1946లో వారు ప్రచురించిన సాధనక్రమం మంచం మీద కళ్లను, తరువాత తలను మెల్లగానూ ఆపై వేగంగానూ అటూ ఇటూ తిప్పడంతో మొదలవుతుంది. కూర్చుని వంగి నేల మీది వస్తువును తీయడం, కళ్లు తెరిచీ మూసీ కుర్చీలోంచి లేవడం, బంతిని కంటి ఎత్తు మీదుగానూ మోకాలి కింద నుంచీ చేతులు మార్చడం, మెట్లూ వాలునేలా ఎక్కి దిగడం దాకా సాగుతుంది. మధ్యన ఒకరు నిలబడి బంతి విసురుతుంటే మిగిలినవారు చుట్టూ తిరుగుతూ దాన్ని అందుకుని తిరిగి విసిరే అంశం కూడా అందులో ఉంది. వంగడం, తల తిప్పడం, చప్పట్లు, వలయంగా అడుగులు కలిసిన బతుకమ్మ ఆట ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. అయితే బతుకమ్మ వైద్యం కాదు, కుక్సీ వలయం పండుగ కాదు, పోలిక అంతవరకే.

ఈ సాధన ఎందుకు పనిచేస్తుందో తరువాతి దశాబ్దాల పరిశోధన వివరించింది. తల తిరిగినప్పుడు చూపు స్థిరంగా నిలవకపోతే కంటి వెనుక పొర మీద బొమ్మ జారుతుంది, ఆ జారుడే చిన్నమెదడుకు దిద్దుబాటు సంకేతమవుతుంది. జారుడు లేకుండా మెడ బిగబట్టుకుని తిరిగేవారికి దిద్దుబాటూ ఉండదు. కణితి తీయించుకున్నవారికి మొదటి రోజుల నుంచే చూపు నిలిపే సాధన చేయిస్తే మేలు కలుగుతుందని సుసాన్ హెర్డ్‌మన్ బృందం 1995లో అమెరికాలో చూపింది. తలతిరుగుడు మాత్రలను మొదటి కొద్ది రోజులు దాటి నెలల తరబడి వాడడం ఈ కారణంగానే నష్టం, అవి మెదడుకు పాఠం అందకుండా చేస్తాయి. మరో విచిత్రం కూడా తేలింది: కణితి ఏళ్ల తరబడి నాడిని నెమ్మదిగా చంపినవారు అప్పటికే సర్దుకుని ఉంటారు కాబట్టి ఆపరేషన్ తరువాత తక్కువ బాధపడతారు, నాడి బాగా పనిచేస్తుండగా తెగినవారే ఎక్కువ తూలుతారు. స్వీడన్ వైద్యులు దీన్ని ఆధారం చేసుకుని, శస్త్రచికిత్సకు ముందే మధ్యచెవిలోకి జెంటామైసిన్ ఎక్కించి ఆ వైపు సమతౌల్యాన్ని కావాలని చంపుతూ సాధన చేయించే పద్ధతిని ఈ శతాబ్దపు మొదటి దశకంలో ప్రకటించారు.

తెలుగు నేలపై న్యూరోసర్జరీ 1950లలో విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో బాలపరమేశ్వరరావుతో వేళ్లూనింది. హైదరాబాదులో 1964లో ఎముకల ఆసుపత్రిగా ప్రారంభమై తరువాత నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా మారిన నిమ్స్‌కు డైరెక్టరుగా చేసిన డి. రాజారెడ్డి న్యూరోసర్జనుగా ప్రసిద్ధుడు. ఖర్చు సంగతి తేలింది మాత్రం 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంతో. పేద కుటుంబాలకు మెదడు శస్త్రచికిత్సలు దాని పరిధిలోకి వచ్చాయి, ఆ ఏడాది చివరి విడతలో రంగారెడ్డి జిల్లా చేరింది. అయితే పథకాల లెక్క ఆపరేషన్ చుట్టూ తిరిగినంతగా ఆ తరువాతి నెలల సాధన చుట్టూ తిరగలేదు. ఫిజియోథెరపీ వంటి వృత్తుల విద్యకు, నమోదుకు దేశవ్యాప్త చట్టం వచ్చిందే 2021లో.

ఇబ్రహీం కుతుబ్ షా (1550-1580) పేరు మోస్తున్న ఇబ్రహీంపట్నం, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని పెద్దచెరువు కూడా ఆ కాలానిదే. నగరంలో కుట్లు విప్పించుకుని ఈ ఊరికి చేరిన మనిషికి మిగిలిన చెవి, చూపు, పాదాల స్పర్శ అనే మూడు ఆధారాలే ఉంటాయి. పగలు సిమెంటు రోడ్డు మీద ఇవి చాలు. దున్నిన చెలకలో, పొలం గట్టు మీద పాదాలు మోసం చేస్తాయి, కరెంటు పోయిన రాత్రి కళ్లు పనికిరావు, మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారికి మూడో ఆధారం ముందే సగం పోయి ఉంటుంది. సాధనకు మాత్రం యంత్రాలు అక్కరలేదు: ఒక బంతి, ఒక గోడ, పక్కన పట్టుకునే మనిషి, రోజూ కొంత కష్టమైన నేల ఉంటే చాలు. తలను హఠాత్తుగా తిప్పి చూసే పరీక్షలో లోపం జీవితాంతం కనబడుతూనే ఉంటుంది, అయినా చాలామంది నెలల్లో తమ పనులకు మళ్లుతారు.

చెరువు నీళ్ల సంగతి వేరు. అమెరికన్ తత్వవేత్త, మనోవిజ్ఞాని విలియం జేమ్స్ 1882లో బధిరులపై చేసిన పరిశీలనలో, లోపలి చెవి పనిచేయని కొందరికి నీటిలో మునిగినప్పుడు పైకి ఏ దిక్కో తెలియలేదని నమోదు చేశాడు. బురదనీటిలో చూపూ ఆనదు, పాదాలకు నేలా తగలదు. ఒక చెవి మిగిలిన వారికి ప్రమాదం అంతటిది కాకపోయినా, కోలుకునే తొలి నెలల్లో ఒంటరిగా ఈతకు దిగవద్దని చెప్పడానికి ఇదే కారణం.