లష్కరు కళాశాలల బాస్కెట్‌బాల్

సికింద్రాబాదు పుట్టుకయే సైనికము. 1798లో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని కుదిరిన సంధి ననుసరించి హుస్సేన్‌సాగరమున కుత్తరపు దిక్కున విడిసిన ఆంగ్లసేనల శిబిరము, 1806లో తఱువాతి నిజాము సికందర్ జా పేరిట నగరమై, పాతవారి నోట నేటికిని లష్కరుగానే నిలిచియున్నది. దండు విడిసినచోట మైదానములు తప్పవు గనుక పరేడ్ మైదానమును, జింఖానాయు, బొల్లారము బయళ్లును ఏర్పడినవి. వాటితోపాటు క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాల్, పోలో అలవడినవి. ఈ ఊరి కళాశాలల యువకులు ఏటేట ఆడు బాస్కెట్‌బాల్ మాత్రము దండు వెంట వచ్చినది కాదు. అది బడి దారిన, వ్యాయామోపాధ్యాయుని చేయి పట్టుకొని వచ్చినది. ఈ భేదము గుర్తింపక యీ ఆట చరిత్ర వ్రాయబూనుట వ్యర్థమని నా నమ్మకము.

1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున వై.ఎమ్.సి.ఎ. (క్రైస్తవ యువజన సంఘము) వారి శిక్షణశాలలో, చలికాలము నాలుగుగోడల నడుమ విసిగిపోవుచున్న పదునెనిమిదిమంది విద్యార్థుల కొఱకు జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు పదుమూడు నియమములతో ఈ ఆటను కల్పించెను. పీచుపండ్ల బుట్టలు రెండు తెప్పించి, వసారా కటకటాలకు పది అడుగుల ఎత్తున కొట్టించి, పక్షమునకు తొమ్మండుగురను నిలిపి బంతి నందిచ్చెను. బుట్ట పోయి ఇనుప వలయము వచ్చినది, తొమ్మండుగురు ఐదుగురైరి. ఆ పది అడుగుల ఎత్తు మాత్రము అంగుళమైనను మారలేదు.

ఆ సంస్థవారే ఆటను భారతదేశమునకు తెచ్చిరి. 1920లో మద్రాసున హారీ క్రో బక్ నెలకొల్పిన వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ కళాశాల దక్షిణదేశపు బడులకు డ్రిల్లు మాస్టర్లను తయారుచేసి పంపినది. 1931లో హైదరాబాదు సంస్థానమునందే ప్రభుత్వ వ్యాయామ కళాశాల వెలసినది. అంతవఱకు కవాతు నేర్పుటతో సరిపెట్టుకొనుచుండిన మాస్టరు, ఈల మెడను వ్రేలాడ, బంతి చంకనిడుకొని పిల్లల నడుమకు వచ్చుట ఈ శిక్షణ ఫలమే.

ఆ కాలమున ఈ జంటనగరములలో క్రీడాకీర్తి యెటుండెనో తెలియుటకు సయ్యద్ మొహమ్మద్ హాదీ యొక్కడు చాలును. క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్, టేబుల్ టెన్నిస్, చదరంగము, పోలో అను ఏడింట ఆరితేరినందున ఆయనను ఇంద్రధనుస్సు హాదీ యని పిలిచిరి. 1924లో పారిస్ ఒలింపిక్సున ఆయన టెన్నిస్ ఆడెను; భారత బృందమును వెంటబెట్టుకొని ఆ క్రీడలకు పోయిన బక్ గారును అక్కడనే యుండిరి. రంజీ ట్రోఫీ చరిత్రలో తొలి శతకమును 1934-35లో మద్రాసుపై, ఈ సికింద్రాబాదులోనే, హాదీ సాధించెను. ఆ 1934లోనే ఢిల్లీలో బాస్కెట్‌బాల్ జాతీయ పోటీలు మొట్టమొదటిసారి జరిగినవి. హాదీ ఏడు రంగులలో బాస్కెట్‌బాల్ లేదు. దొరలును జాగీర్దారులును ఆదరించిన ఆటల సరసకు అది యింకను చేరలేదన్నమాట.

ఆదరణ లేని ఆట నిలుచుటకు కారణము దాని మితత్వమే. ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల నేల యున్న చాలును; చర్చి ప్రక్కను, తరగతి గదుల వెనుకను, వసతిగృహపు ముంగిటను ఆ మాత్రము చోటు దొరకును. గుఱ్ఱము వలదు, తెల్లని దుస్తులు వలదు, పచ్చిక వలదు. మొరము నేలను చదునుచేసి, సాయంకాలము నీరు చల్లి, సున్నముతో గీతలు గీసి, రెండు కొనల కొయ్యపలకలు నిలిపిన కోర్టు సిద్ధము. తఱువాత సిమెంటు వచ్చినది. మంటినేలపై ఆడితిమని పాతతరము ఆటగాండ్రు కొంచెము సంకోచముతో చెప్పుట కలదుగాని, 1936లో బెర్లిన్ ఒలింపిక్సున నెయిస్మిత్ సమక్షమున జరిగిన తొలి పోటీల తుదియాట సయితము వానకు బురదయైన మంటికోర్టు మీదనే జరిగినది. బంతి నేలను తట్టి లేవక, అమెరికా 19, కెనడా 8తో ఆ యాట ముగిసినది.

కళాశాల జట్టునకు ఏడాది యనగా పంచాంగపు టేడాది కాదు. వేసవి సెలవులు ముగిసి ప్రవేశములు జరుగుచుండగనే ఫిజికల్ డైరెక్టరు (పి.డి.) గారు క్రొత్తగా చేరినవారిలో పొడగరులను, వడిగలవారిని ఏరుకొందురు. వానల నడుమ దొరికిన సాయంత్రములలో డ్రిబ్లింగు, పాసు, లే-అప్ మరల మరల చేయింతురు. పండ్రెండుగురు జట్టుగా నిలుతురు. ఇక అంతరకళాశాల పోటీలు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరిధిలోని కళాశాలలతో సికింద్రాబాదు పక్షములు తలపడును. ఓడిన జట్టునకు ఆ ఏడాది అంతటితో సరి. గెలుపోటములతో పనిలేక మెఱసినవారిని ఏరి విశ్వవిద్యాలయపు జట్టు కూర్చుదురు. ఆ జట్టు దక్షిణమండల పోటీలకు పోవలెను. అచ్చట మొదటి నాలుగు స్థానములలో నిలిచిన యెడల అఖిలభారత పోటీలకు అర్హత. చలికాలము వెళ్లునప్పటికి అంతయు ముగియును, పరీక్షలు ముంచుకొనివచ్చును. ఆటగానికి ఇట్టి అవకాశములు పట్టా చేతికి వచ్చులోపల మూడింటికి మించవు.

ఆ తఱువాతి బ్రదుకునకును ఈ ఊరు ఒక దారి చూపినది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు కేంద్రముగా ఏర్పడుటతో, క్రీడాకారుల కోటాలో ఉద్యోగమను ఆశ సామాన్య కుటుంబముల పిల్లలకు కంటికెదురుగ నిలిచినది. ఆటలేమి కూడుపెట్టునని కసరుకొను తండ్రులకు ఇంతకంటె గట్టి సమాధానము లేదు.

ఆట ముగియగనే దాని జాడ యంతయు ఒక్క స్కోరుషీటున మిగులును. దానిని చదువ నేర్చినవానికి అది కన్నులకు కట్టు కథ. ఫీల్డు గోలు పడినచో అంకెపై ఏటవాలు గీత, ఫ్రీత్రో పడినచో నిండుచుక్క. 1984లో మూడు పాయింట్ల గీత వచ్చిన పిదప, దూరమునుండి వేసినవాని సంఖ్య చుట్టు సున్న. ఎవరు ఐదు ఫౌళ్లతో బయటికి నడిచిరో, ఏ క్షణమున పి.డి. గారు టైమవుట్ అడిగిరో, అన్నియు అందు గలవు. రెండు ఇరువది నిమిషముల భాగములు పోయి నాలుగు పది నిమిషముల భాగములు వచ్చిన 2000 నాటి మార్పును సయితము ఆ కాగితమే చెప్పును.

కప్పులు బీరువాలలో భద్రముగనే యుండును; వాటి వెనుకనున్న ఆటను చెప్పునవి ఈ కాగితములే. కావున సికింద్రాబాదు కళాశాలలలో ఆడిన పెద్దలకు నా మనవి యొక్కటి. మీ పెట్టెలలోని పాత స్కోరుషీట్లను, జట్టు ఛాయాచిత్రములను, వెనుకవైపున పేర్లు, సంవత్సరము వ్రాసి, మీరు చదివిన కళాశాల గ్రంథాలయమున కప్పగింపుడు. ప్రిన్సిపాళ్లు వాటికొక బీరువా కేటాయింపవలెను.