సీసపు గుళ్ళు, నీటి పక్షులు: ఒక శతాబ్దపు జాప్యం

బాతుల వేటకు వాడే తూటాలో నూటికి పైగా చిన్న గుళ్ళుంటాయి. ఎగిరే పక్షిని తాకేవి వాటిలో కొన్నే. మిగిలినవి నీళ్ళలో పడి మడుగు అడుగున చేరతాయి. అమెరికా చిత్తడి నేలల్లో ఈ విధంగా తరతరాల సీసం పేరుకుంది. తుపాకిని తప్పించుకున్న బాతును అదే సీసం తిండి ద్వారా చంపుతోందని పందొమ్మిదవ శతాబ్దం ముగియకముందే తెలిసింది. దేశమంతటా నిషేధం రావడానికి మాత్రం 1991 దాకా పట్టింది.

1894లో 'ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్' పత్రిక సంపాదకుడు జార్జ్ బర్డ్ గ్రినెల్ ఈ విషప్రభావం గురించి రాశాడు. ఆయన వేటకు విరోధి కాడు; స్వయంగా వేటగాడు, పక్షుల రక్షణకు 1886లోనే ఆడుబాన్ సంఘాన్ని ప్రారంభించినవాడు. ఆ తరవాత యూటాలోని బేర్ నది చిత్తడి నేలల్లో బాతుల మరణాలను పరిశీలించిన అలెగ్జాండర్ వెట్‌మోర్ 1919లో ప్రభుత్వ నివేదికగానే ఈ విషయాన్ని వెల్లడించాడు.

బాతుకు పళ్ళు లేవు. మింగిన గింజలను కందనకాయ నలగగొడుతుంది. అందుకు సాయంగా బాతు ఇసుక పలుకులను ఏరి మింగుతుంది. గింజలా, పలుకులా కనిపించే సీసపు గుండు కూడా వాటితోపాటే లోపలికి పోతుంది. కందనకాయ రాపిడికి అరిగి, జీర్ణరసాల ఆమ్లానికి కరిగి, సీసం రక్తంలో కలుస్తుంది. రక్తం తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకుంటుంది, నరాలను దెబ్బతీస్తుంది. రెక్కలు వాలిపోతాయి, తిన్నది ముందుకు కదలదు, రొమ్ము కండ కరిగిపోతుంది. కడుపులో తిండి ఉండగానే పక్షి శుష్కించి చస్తుంది. మొక్కజొన్న వంటి గింజలే ప్రధానాహారమైనప్పుడు విషం మరింత తీవ్రమవుతుంది.

ఈ చావులు ఒకచోట గుట్టలుగా కనిపించవు. నీరసించిన పక్షి తుంగలో దాక్కుంటుంది. వేటాడే జంతువులు దాన్ని త్వరగానే మాయం చేస్తాయి. అందుకే నష్టాన్ని లెక్కకట్టడమే ఒక సమస్య అయింది. ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ బెల్‌రోజ్ వేల కందనకాయలను పరీక్షించాడు. కొన్ని బాతులకు గుళ్ళు మింగించి, కాళ్ళకు కడియాలు తొడిగి వదిలి, మామూలు బాతులతో పోల్చి చూశాడు. ఏటా నూటికి రెండు మూడు నీటి పక్షులు ఇలా చనిపోతున్నాయని 1959లో అంచనా వేశాడు.

ప్రత్యామ్నాయంగా ఉక్కు గుళ్ళు వచ్చాయి. ఉక్కు సీసం కన్నా తేలిక, దూరం పోయేకొద్దీ దాని దెబ్బ బలహీనపడుతుంది, పాత తుపాకి గొట్టాలకు హాని చేస్తుంది. గాయపడి తప్పించుకునే పక్షులు పెరుగుతాయని వేటగాళ్ళు వాదించారు. 1978లో అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్ తెచ్చిన సవరణతో, రాష్ట్రాల సమ్మతి లేనిదే సీసంపై నిబంధనల అమలుకు కేంద్రం డబ్బు ఖర్చు చేయకూడదన్న షరతు వచ్చింది.

చిక్కుముడిని విప్పింది బాతు కాదు, గద్ద. సీసమున్న బాతులను తిని, జాతీయ చిహ్నమైన తెల్లతల గద్దలు కూడా విషానికి గురయ్యాయి. అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం వాటికి రక్షణ కల్పించింది. ఆ చట్టం ఆధారంగా నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ 1985లో కోర్టుకెక్కింది. ప్రభుత్వం దశలవారీ నిషేధానికి అంగీకరించింది. 1991 వేటకాలం నుంచి నీటి పక్షుల వేటలో సీసం దేశమంతటా నిషిద్ధమైంది.

ఫలితం త్వరగానే కనిపించింది. మిసిసిపి వలస మార్గంలో మల్లార్డ్ బాతుల సీస మరణాలు 64 శాతం తగ్గాయని 2000లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కెనడా 1999లో, ఐరోపా సమాఖ్య చిత్తడి నేలల వరకు 2023లో ఇదే దారి పట్టాయి.

అమెరికా నిషేధం నీటి పక్షుల వేటకే పరిమితం. మెట్ట ప్రాంతాల వేటలో, చేపలు పట్టే గాలాల బరువుల్లో సీసం చాలా రాష్ట్రాల్లో ఇంకా వాడుకలోనే ఉంది. గ్రినెల్ కాలంలో కొరవడింది జ్ఞానం కాదు. కనిపించని చావును నష్టంగా ఒప్పుకునే వ్యవస్థ అప్పటికి లేదు. దాన్ని నిర్మించుకోవడానికే తొంభై ఏడేళ్ళు పట్టింది.