అమరావతి బాహ్యవలయ రహదారి: రూపకల్పన, శాసనానుమతులు

పల్నాడు జిల్లాకు ఈశాన్య భాగమున, కృష్ణానదికి దక్షిణపుటొడ్డున నున్న అచ్చంపేట మండలమునకు పొరుగుననే గల అమరావతి, పెదకూరపాడు మండలముల పొలములమీదుగా సాగి, రాజధాని ప్రాంతమును చుట్టివచ్చునట్లు ఉద్దేశింపబడిన సుమారు 190 కిలోమీటర్ల రహదారికి అమరావతి బాహ్యవలయ రహదారి యని పేరు. జనవ్యవహారమున నిది ఔటర్ రింగు రోడ్డు, లేదా ఓఆర్‌ఆర్. ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, గుంటూరు, పల్నాడు జిల్లాలలోని 23 మండలములను, 121 గ్రామములను స్పృశించుచు, రెండు చోట్ల కృష్ణను దాటవలసిన ఈ మార్గము 2018 ప్రాంతమున తొలిరూపము దాల్చి, 2019 తరువాత మూలబడి, 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట మరల వెలికివచ్చినది. వెడల్పు 70 మీటర్లు చాలునని కేంద్రమును, 140 మీటర్లు కావలెనని రాష్ట్రమును కొంతకాలము వాదులాడుకొనగా, 2025లో 140 మీటర్లకే కేంద్ర రహదారుల శాఖ సమ్మతించినది.

140 మీటర్ల వెడల్పనగా నేమో లెక్కగట్టి చూచినగాని బోధపడదు. ఒక్క కిలోమీటరుకు 14 హెక్టార్లు, అనగా దాదాపు ముప్పదియైదు ఎకరములు. వలయము మొత్తమునకు ఆరువేల ఐదువందల ఎకరములకు పైబడిన నేల. ఇంటర్‌ఛేంజీలకు, అనుబంధ మార్గములకు కావలసినది ఇందులో చేరదు. ఆ నేలలో పల్నాటి వైపుది మిరపయు ప్రత్తియు పండు మెట్టభూమి గనుక, ఈ రహదారికి సంబంధించిన శాసనవ్యవహారమంతయు చివరకు భూసేకరణ వ్యవహారమే యగుచున్నది.

హైదరాబాదునందలి 158 కిలోమీటర్ల నెహ్రూ బాహ్యవలయ రహదారిని రాష్ట్రప్రభుత్వమే తన నగరాభివృద్ధి సంస్థ ద్వారా, 1894 నాటి భూసేకరణ చట్టము ననుసరించి నిర్మించుకొనినది. అమరావతి వలయము అట్లు గాక జాతీయ రహదారిగా పరిగణింపబడినందున, 2014 నాటి రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ చట్టము క్రింద పుట్టిన ఊహయే యైనను, భూమి విషయమున 1956 నాటి జాతీయ రహదారుల చట్టమునకు లోబడును. రాజధాని గ్రామములలో వలె భూసమీకరణ యనియు, బదులు ప్లాటు లనియు ఇచ్చట మాట లేదు.

1997లో ఆ చట్టమున చేర్పబడిన 3ఎ మొదలు 3జె వరకు గల సెక్షన్లు ఈ కథకు వెన్నెముక. మొదట సేకరణకు అధికారిని నియమింతురు. ఈ వలయమునకు ఆయా జిల్లాల జాయింటు కలెక్టర్లే ఆ అధికారులు. పిమ్మట 3ఎ క్రింద, ఫలానా భూములను సేకరింప నున్నామని గెజిటులో ప్రకటించి, దాని సారాంశమును రెండు స్థానిక వార్తాపత్రికలలో, అందొకటి తప్పక స్థానిక భాషాపత్రికగా, అచ్చువేయింపవలెను. రైతు దీనిని ‘త్రీ ఏ పడింది’ అనును. పత్రికలో నిండుపేజీ పట్టికలో గ్రామము, సర్వే నంబరు, సబ్‌డివిజను, భూమి తరగతి, విస్తీర్ణము వరుసగా నుండును. విస్తీర్ణము హెక్టార్లలో నుండుటచే, ఎకరములలోను సెంట్లలోను బ్రదుకు గడుపుకొనువాడు 0.4047 అను అంకె తన ఎకరమేనని గ్రహించుటకు వీఆర్వో నడుగవలసివచ్చును.

ఆ ప్రకటన వెలువడిన 21 రోజుల లోపల 3సి క్రింద అభ్యంతరమును వ్రాతమూలకముగా దాఖలు చేసికొనవచ్చును. స్వయముగా గాని న్యాయవాది ద్వారా గాని అధికారి యెదుట వాదన వినిపింపవచ్చును. హైదరాబాదు కాలపు పాతచట్టములో ఇదే గడువు ముప్పది రోజులు. పట్టుమని మూడు వారములు మాత్రమే యని విచారింపనక్కరలేదు. విచారింపవలసినది వేరొకటి గలదు. ఈ విచారణలో రైతు తన సర్వే నంబరును గూర్చి మాటలాడగలడే గాని, రహదారి రేఖ ఇటు రాక అటు ఏల పోరాదని అడిగిన, అలైన్‌మెంటు అప్పటికే ఖరారైనదను సమాధానము తప్ప వేరొకటి వినబడుట అరుదు. పటముమీద రేఖ గీచునాడు రైతు అచ్చట లేడు. రైతు వచ్చునాటికి రేఖ కదలదు. తెలంగాణమున ప్రాంతీయ వలయరహదారి విషయములో భువనగిరి సమీపమున రాయగిరి రైతులు ఆందోళనకు దిగినదియు ఈ అలైన్‌మెంటు కొరకే.

అభ్యంతరములను తోసిపుచ్చిన పిమ్మట 3డి ప్రకటన. అది వెలువడిన క్షణమున భూమి సర్వహక్కులతో కేంద్రప్రభుత్వమునకు దఖలుపడును. 3ఎ తరువాత ఒక సంవత్సరము లోపల 3డి రానిచో మొదటి ప్రకటన రద్దగును. న్యాయస్థానము నిలుపుదల ఉత్తర్వు అమలునందున్న కాలము మాత్రము ఈ లెక్కలో చేరదు.

పరిహారమునకు 2015 నుండి 2013 నాటి భూసేకరణ చట్టపు ప్రమాణములే వర్తించుచున్నవి: మార్కెటు విలువ, పల్లెప్రాంతపు గుణకము, నూటికి నూరు సొలేషియం (నిర్బంధ సేకరణకు గాను ఇచ్చు అదనపు మొత్తము), చెట్లకు బావులకు వేరు లెక్క. అంతకు పూర్వము జాతీయ రహదారులకు భూమి నిచ్చినవారికి సొలేషియం లేదనిన సెక్షను 3జె, ఆ మేరకు చెల్లదని 2019లో తర్సేమ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఐనను మార్కెటు విలువను నిర్ణయించుటలో గత మూడు సంవత్సరముల రిజిస్ట్రేషను దస్తావేజులును లెక్కకు వచ్చును గనుక, స్టాంపు ఖర్చు కలిసివచ్చునని తక్కువ విలువకు వ్రాయించుకొను అలవాటు ఊరంతటికిని ఆనాడు ఎదురు తిరుగును. నిర్ణయింపబడిన మొత్తముతో తృప్తి చెందనివారు కేంద్రము నియమించిన మధ్యవర్తి కడకు పోవలెను.

పర్యావరణానుమతి 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 2006లో వెలువడిన ప్రకటన ననుసరించును. కాలుష్యనియంత్రణ మండలి కనీసము ముప్పది రోజుల ముందు తెలియజేసి ప్రజాభిప్రాయసేకరణ జరుపును. మార్గమును గూర్చి సామాన్యుడు నోరు విప్పదగిన సభ ఇదియొక్కటే యని నా అభిప్రాయము. చెన్నై–సేలం రహదారి వ్యాజ్యములో మద్రాసు హైకోర్టు 3ఎ ప్రకటనలను కొట్టివేయగా, ఆ ప్రకటనకు ముందే పర్యావరణానుమతి ఉండనక్కరలేదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చినది. కావున సర్వే రాళ్లు ముందును, సభ వెనుకను వచ్చుటకు చట్టము అడ్డుచెప్పదు. అటవీభూమి తగిలినచో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద రెండు అంచెల అనుమతి వేరుగా కావలెను.

అచ్చంపేట మండలమున మాదిపాడు రేవు కలదు. అవతలి ఒడ్డున ముక్త్యాల, నడుమ బల్లకట్టు. మోటారుసైకిలును, మిరప బస్తాలను బల్లలమీద నిలిపి నది దాటు ఈ జనమునకు ప్రక్క మండలమున సాగు వలయము ఎంత యుపకరించునది ఇంటర్‌ఛేంజి పెట్టుచోటును బట్టి యుండును. ఇది ప్రవేశనియంత్రణ గల మార్గము; నిర్ణీత స్థానములలో తప్ప బండి ఎక్కుటకు వీలుండదు. ఆ స్థానములను నిర్ణయించునది సవివర ప్రాజెక్టు నివేదిక, దానిని తయారుచేయువారు సలహాసంస్థ ఇంజనీర్లు. 21 రోజుల విచారణలో గాని, పరిహారపు విచారణలో గాని దానిపై ప్రశ్న రాదు. క్రోసూరు మీదుగా పెదకూరపాడుకు పోవు రోడ్డు వలయమును ఏ చోట కలియునో, లేక దాని క్రిందుగా దూరి పోవునో తెలిసికొనగోరువారు కలెక్టరు కచేరికి గాక జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు కార్యాలయమునకు, అదియు నివేదిక ముగియకమునుపే, అర్జీ పెట్టుకొనవలెను.