ప్యాంటు జేబు – బొగ్గుబాయి

ప్యాంటుకు జేబు కుట్టడం దర్జీ పనిలో చిన్న భాగమే. కాని జేబుకూ, శ్రమజీవికీ పాత బంధుత్వం ఉన్నది. జేబులో వేసిన బరువంతా దాని నోటి రెండు మూలల మీద పడుతుంది. అందుకే దర్జీ అక్కడ దారం తిప్పి తిప్పి కుడతాడు. అమెరికాలో కూలీల జేబులు ఆ మూలల్లోనే చినిగిపోతుంటే, జేకబ్ డేవిస్ అనే దర్జీ అక్కడ రాగి రివెట్లు బిగించాడు. లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు పొందాడు. నేటి జీన్సు ప్యాంటుకు మూలం అదే.

మన సింగరేణిలో 1889లో ఇల్లందు వద్ద, 1961లో రామగుండంలో బొగ్గు తవ్వకం మొదలైంది. ఇక్కడ జేబు లెక్క వేరు. గాలిలో మీథేన్ వాయువు 5 నుండి 15 శాతం వరకు చేరితే ఒక్క అగ్గిపుల్ల చాలు, బాయి పేలిపోతుంది. అందుకే బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె లోనికి తీసుకుపోవడాన్ని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు నిషేధించాయి. బాయి దిగేవారిని తనిఖీ చేయాలన్నాయి. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా ఆ నిషేధం పోలేదు. గని పేలుడు అంటే ఏమిటో 1965 మే 28న నాటి బీహారులోని ఢోరీ గనిలో దేశం చూసింది. 268 మంది బలయ్యారు.

బాయి మీద జేబు తడిమే చేయి కార్మికుణ్ణి దొంగగా అనుమానించేది కాదు. అతనితోపాటు దిగే వారందరి ప్రాణాలకు అది కాపలా. మన పిల్లల్లో, మనుమల్లో బాయి పనికి పోయేవారుంటే ఈ సంగతి చెప్పండి. జేబు ఇంటి దగ్గరే ఖాళీ చేసి బయలుదేరమనండి.