1329 ఫస్లీ కానూన్, మా ఇంటి రిష్తా

పటాన్‌చెరులో నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి అమ్మీ చేతిలో ఫోటో ఉంది. సంగారెడ్డి రిష్తా. పిల్ల బీఎస్సీ చదివింది, నమాజీ. నాకు ముప్పై రెండేళ్లు. ఇన్నాళ్లూ ముందు చెల్లె షాదీ కానీ అని బహానాలు చెప్పాను. ఆ రోజు నిజం చెప్పాను: నా దిల్ ఆడపిల్లల వైపు ఎన్నడూ పోలేదమ్మీ. పక్కనున్న మామూ చాయ్ కప్పు కింద పెట్టి, "ఇది మనలో లేదురా, అంగ్రేజోళ్ల బీమారీ" అన్నాడు.

మామూ అంటే నాకు అదబ్. అందుకే ఆ మాటను తవారీఖ్‌లో వెతికాను.

మన దక్కన్ షాయర్ సిరాజ్ ఔరంగాబాదీ (18వ శతాబ్దం) గజల్ ఖవ్వాలీలో వస్తే ఇప్పటికీ తల ఊపుతాం. ఆ సూఫీ సిరాజే, ఒక యువకుడి మీద తన ఇష్క్‌ను, పడ్డ దర్ద్‌ను 'బోస్తాన్-ఎ-ఖయాల్' మస్నవీగా రాశాడు. ఉలమాలు దీన్ని జాయజ్ అన్నారని నేను అనట్లేదు. మనలో లేదన్న మాటకే నా జవాబు.

అంగ్రేజుల నుంచి వచ్చింది వేరే: 1862లో అమలైన 377 దఫా. 1871 కానూన్‌తో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కాయి. నిజాం రియాసత్ కూడా 1329 ఫస్లీలో, అంటే 1919లో, అట్లాంటిదే చేసింది. హిజ్రా ఆడ లిబాస్‌లో వీధిలో కనబడితే వారెంట్ లేకుండానే గిరఫ్తార్. సంగారెడ్డి ఆ రియాసత్‌లోదే. 1948లో రియాసత్ పోయింది, కానూన్ మిగిలింది. ట్రాన్స్‌జెండర్లు అదాలత్‌కెక్కాక 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూట నాలుగేళ్లు!

నేను హిజ్రాను కాను. నా మీద ఉన్న 377 బరువును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న దించింది. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ షాదీ హక్కు కోసం వేసిన ముఖద్దమాలో మాత్రం 2023 అక్టోబర్ 17న కుదరదంది.

ఇప్పుడు నాకు ఖైదు భయం లేదు, ఖాందాన్ భయమే. "షాదీ అయితే అదే సర్దుకుంటది" అంటారు. నాతో పనిచేసిన ఒకతను అట్లాగే చేసుకున్నాడు. ఏడాదికే ఆమె పుట్టింటికి పోయింది, బద్నామ్ ఆమెకే. నికాహ్‌లో పిల్ల రజామందీ అడుగుతారు కదా, ఏం తెలిసి ఆమె ఖుబూల్ అంటుంది?

అమ్మీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోటోను కవర్లో పెట్టి, "నువ్వు రాకు, నేనే సంగారెడ్డి పోయి ఇచ్చొస్తా" అంది.